దేశం పేరు చెరిపేసి చదవండి: టీకా వార్తనూ సైన్స్ సర్వేనూ తూచే పద్ధతి

ఫలానా దేశం టీకా వేయించుకుంటే అంతే సంగతులట. ఫలానా దేశం మనకు చిరకాల మిత్రుడు కాబట్టి వాళ్లది కళ్లు మూసుకుని వేయించుకోవచ్చట. ఇంకోటి మన హైదరాబాద్‌లోనే తయారైంది కాబట్టి దాని మీద ప్రశ్న అడిగినవాడికి దేశభక్తి లేదట. కోవిడ్ రోజుల్లో ఈ మూడు రకాల ఫార్వర్డ్‌లూ రాని తెలుగు గ్రూప్ ఉండి ఉంటుందని నేననుకోను. మూడింట్లోనూ టీకా గురించి ఒక్క ముక్క ఉండదు, ఉన్నదంతా దేశం గురించే. రేపు ఇంకో జబ్బు రావచ్చు, ఇంకో మందు రావచ్చు, గ్రూపులు మాత్రం ఇవే ఉంటాయి. అందుకని సైన్స్ వార్త వచ్చినప్పుడు అందులోంచి దేశాన్ని ఎలా విడదీసి చూడాలో తీరిగ్గా ఉన్నప్పుడే మాట్లాడుకుందాం.

ముందు దేశం పేరు చెరిపేయండి

నిమిషం పని. వార్తలో దేశం పేరున్న చోట ఖాళీ పెట్టి చదవండి, ఏమనిపించిందో చూసుకోండి. తర్వాత మీకు అస్సలు పడని దేశం పేరు అక్కడ పెట్టి మళ్లీ చదవండి. అభిప్రాయం మారిపోతే, మీరు ఇప్పటిదాకా తూచింది టీకాను కాదన్నమాట.

చేసి చూద్దాం. ఒక దేశం 76 మంది మీద జరిగిన తొలి దశల ట్రయల్‌తోనే, వేలమంది మీద చేయాల్సిన మూడో దశ పూర్తికాకుండానే టీకాకు అనుమతి ఇచ్చేసింది, మా అమ్మాయి కూడా వేయించుకుందని దేశాధ్యక్షుడే టీవీలో చెప్పాడు. ఇంకో దేశం, మూడో దశలో టీకా ఎంత పనిచేసిందో ఒక్క అంకె కూడా బయటికి రాకముందే అత్యవసర అనుమతి ఇచ్చింది, ఆ అనుమతికి ‘క్లినికల్ ట్రయల్ మోడ్’ అని ఎవరికీ సరిగా అర్థంకాని పేరొకటి తగిలించింది. ఏది ఎక్కువ తప్పు? మొదటిది రష్యా, 2020 ఆగస్టు 11, స్పుత్నిక్ వి. రెండోది మనమే, 2021 జనవరి 3, కొవాగ్జిన్.

తర్వాత రెండింటికీ లెక్కలు వచ్చాయి. స్పుత్నిక్ 91.6 శాతం పనిచేసిందని 2021 ఫిబ్రవరిలో లాన్సెట్ అనే వైద్య పరిశోధన పత్రికలో వచ్చింది, అసలు డేటా మాకూ చూపించండి అని బయటి శాస్త్రవేత్తలు అడుగుతూనే ఉన్నారు. కొవాగ్జిన్‌ది 25,798 మందితో చేసిన ట్రయల్, 77.8 శాతం అని అదే లాన్సెట్‌లో ఆ ఏడాది నవంబర్‌లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర స్పుత్నిక్ ఫైలు తయారీ కేంద్రం తనిఖీ దగ్గర ఆగిపోయింది. కొవాగ్జిన్‌కు 2021 నవంబర్ 3న అనుమతి దొరికింది గానీ, 2022 మార్చిలో ప్లాంటు తనిఖీ చేశాక లోపాలు సరిదిద్దుకోవాలని, ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా సరఫరా ఆపుతున్నామని అదే సంస్థ చెప్పింది. టీకా పనిచేస్తుందనీ, భద్రత విషయంలో కంగారు లేదనీ కూడా ఆ ప్రకటనలోనే ఉంది, ఆ సగం మాత్రం చాలా పోస్టుల్లో ఎగిరిపోయింది. రెండు టీకాల కథా ఇంచుమించు ఒకే దారిలో నడిచింది. మనకు మాత్రం ఒకటి నియంత దేశం హడావిడిలా, ఇంకోటి మనవాళ్ల ఘనతలా కనిపించింది.

దేశం పేరే టీకా అయిపోతే ఏం జరుగుతుందో విదేశీ చదువులకు వెళ్లే మన పిల్లలకు ఆ ఏడాది బాగా తెలిసొచ్చింది. కొవాగ్జిన్ రెండు డోసులు వేయించుకున్నవాళ్లను అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ఇంకో టీకా వేయించుకోమన్నాయి. దానికి అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి రాలేదన్న కారణమైనా ఉంది. కొవిషీల్డ్ సంగతి మరీ వింత. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన టీకా, పుణెలో తయారైంది, పుణె నుంచి 50 లక్షల డోసులు బ్రిటన్‌కే వెళ్లాయి, అక్కడివాళ్లే వేయించుకున్నారు. అదే టీకా మన దగ్గర వేయించుకుని వెళ్తే 2021 అక్టోబర్ మొదట్లో టీకా లేనివాళ్ల కిందే లెక్క! మనవాళ్లు కూడా బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లకు పది రోజుల క్వారంటైన్ పెట్టాక, వారం తిరగకముందే బ్రిటన్ రూలు మార్చింది. ఇందులో సైన్స్ ఏమైనా ఉంటే నాకు చెప్పండి.

శాతం దేనికో అడగండి

2021 జనవరిలో బ్రెజిల్‌లోని బుటంటాన్ సంస్థ, చైనా వాళ్ల కరోనావాక్ 78 శాతం పనిచేసిందని ప్రకటించింది. వారం తిరగకముందే 50.4 శాతం అని చెప్పింది. టర్కీలో 83.5, ఇండోనేషియాలో 65.3. చైనా అంటే పడనివాళ్లు 50.4 పట్టుకున్నారు, ఆ టీకా కొన్న ప్రభుత్వాలు పెద్ద అంకెలు పట్టుకున్నాయి. చైనా నుంచి కొనేది లేదని అంతకుముందే చెప్పిన బ్రెజిల్ అధ్యక్షుడు బోల్సొనారోకైతే పండగే. నిజానికి 78కీ 50.4కీ తేడా, దేన్ని జబ్బు కింద లెక్కపెట్టారన్న దగ్గర ఉంది. డాక్టర్ సాయం అవసరమైన కేసుల్ని మాత్రమే లెక్కేస్తే ఒకటి, కాస్త ముక్కు కారి టెస్టులో పాజిటివ్ వచ్చినవాళ్లను కూడా కలిపితే ఇంకోటి.

కాబట్టి అంకె కనిపించగానే నాలుగు అడగండి. దేన్ని ఆపింది, ఇన్‌ఫెక్షన్‌నా, జబ్బునా, ఆసుపత్రి పాలవడాన్నా, చావునా? ఎంతమంది మీద చూశారు? ఎన్నాళ్లు చూశారు? ఆ అంకె పత్రికా ప్రకటనలోదా, వేరే శాస్త్రవేత్తలు చదివి ఆమోదించాక వచ్చిన పేపర్‌లోదా? ఈ నాలుగూ తెలిస్తే అది ఏ దేశందో తెలియకపోయినా పెద్దగా నష్టం లేదు.

ఎక్కడ వెతకాలంటే, మనదేశంలో జరిగే ట్రయల్స్‌కు సీటీఆర్ఐ అని ఒక రిజిస్ట్రీ ఉంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, 2009 జూన్ నుంచి ట్రయల్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరి. మందు పేరు కొట్టండి. డబ్బు ఎవరు పెడుతున్నారు, ఏ ఆసుపత్రుల్లో చేస్తున్నారు, ట్రయల్‌లో చేరేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఏది ఒప్పుకుంది, అన్నిటికంటే ముఖ్యంగా తొలి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేశారా లేదా అన్నది చూడండి. ఫలితం వచ్చాక తీరిగ్గా ప్రశ్న రాసుకునే అవకాశం లేకుండా చేయడానికే ముందస్తు నమోదు. టీకా అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జాబితాలో ఉందేమో చూడండి. మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో నిపుణుల కమిటీ మీటింగుల సారాంశాలు కూడా పెడతారు. చదవడానికి చప్పగా ఉంటాయి, రెండేసి పేరాలే ఉంటాయి, అయినా ఏ షరతు మీద అనుమతి ఇచ్చారో అక్కడే తెలుస్తుంది.

సర్వే వార్త వస్తే

‘సైంటిస్టులను నమ్మడంలో ఇండియా నంబర్ వన్.’ ఛాతీ ఉప్పొంగేలోపు ప్రశ్న ఏమిటో చూడండి. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ 2020 సెప్టెంబర్‌లో 20 చోట్ల చేసిన సర్వే బయటపెట్టింది. సైంటిస్టులు తమ దేశానికి మంచే చేస్తారని ‘చాలా’ నమ్ముతామన్నవాళ్లు ఇండియాలో 59 శాతం, అందరికంటే ఎక్కువ. అందరికంటే తక్కువ దక్షిణ కొరియా, 14 శాతం. అంటే కొరియా వాళ్లు సైన్స్‌ను నమ్మరనా? 2021 ఆఖరుకి ఆ దేశంలో 80 శాతానికి పైగా జనం రెండు డోసులూ పూర్తి చేసుకున్నారు. ‘కొంత నమ్ముతాం’ అన్నవాళ్లను పక్కన పెట్టి ‘చాలా’ అన్నవాళ్లనే లెక్కపెడితే వచ్చిన అంకె అది. పైగా అడిగినవాడి ముందు గట్టిగా అవునని చెప్పే అలవాటు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. మన దగ్గర ఎవరైనా ఇంటికొచ్చి సైంటిస్టులను నమ్ముతారా అని అడిగితే నమ్మనని చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి?

2025 జనవరిలో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది, 68 దేశాలు, 71,922 మంది. సైంటిస్టుల మీద నమ్మకానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటే సగటున 3.62 వచ్చింది, ఈజిప్టు మొదట, ఇండియా రెండోది. సైన్స్ మీద నమ్మకం ప్రపంచమంతా కుప్పకూలిందని ఏడ్చేవాళ్లకు ఇది మంచి జవాబే. కానీ ఇది ఆన్‌లైన్ సర్వే. ఆన్‌లైన్‌లో ప్రశ్నాపత్రం నింపే ఓపిక, చదువు, డేటా ప్యాక్ ఉన్న ఇండియా ఒకటి, మిగతా ఇండియా ఒకటి.

అమెరికా అంకెలూ అంతే. సైంటిస్టులు ప్రజల మేలు కోసం పనిచేస్తారని కనీసం ఓ మోస్తరు నమ్మకం ఉన్నవాళ్లు 2020 ఏప్రిల్‌లో 87 శాతం, 2023 అక్టోబర్‌కు 73, మరుసటి ఏడాదికి 76. పడిపోయిన మాట నిజం. అయినా నలుగురిలో ముగ్గురు. 2024 అంకెను విడదీస్తే డెమోక్రాట్లలో 88, రిపబ్లికన్లలో 66, అంటే అక్కడ దేశం చేసే పని పార్టీ చేస్తోంది.

దేశాల మీద అభిప్రాయాల సర్వేలకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. ప్యూ 2023లో మనదేశంలో 2,611 మందిని నేరుగా కలిసి అడిగితే అమెరికా మీద మంచి అభిప్రాయం 65 శాతానికి, రష్యా మీద 57 శాతానికి ఉంది, చైనా మీద 67 శాతానికి చెడు అభిప్రాయం. ఈ అంకెలకూ, ఆ దేశపు ల్యాబ్‌లో ఏం జరుగుతోందన్నదానికీ సంబంధం లేదు. అమెరికా ఇష్టమా అని మన జిల్లాల్లో అడిగితే జవాబు చెప్పేది డల్లాస్‌లో ఉన్న కొడుకు. వీసా సంగతి తేడా కొడితే వచ్చే ఏడాదికి అంకె మారిపోతుంది.

ఆ పోస్టు ఎవరు వండారు

2020 చివర్లో ఆస్ట్రాజెనెకా టీకా (మన దగ్గర కొవిషీల్డ్) వేయించుకుంటే మనుషులు చింపాంజీలవుతారని మీమ్స్ తిరిగాయి, హిందీలో కూడా. మనవాళ్ల తుంటరి పనే అనుకున్నారు చాలామంది. 2021 ఆగస్టులో ఫేస్‌బుక్ బయటపెట్టిన దాని ప్రకారం అవి రష్యా నుంచి నడిచిన నకిలీ అకౌంట్ల పని, ఫాజ్ అనే మార్కెటింగ్ ఏజెన్సీకి ముడిపడ్డాయి, గురి పెట్టింది ముఖ్యంగా ఇండియా మీద, లాటిన్ అమెరికా మీద. అదే ఏజెన్సీ ఫ్రాన్స్, జర్మనీ యూట్యూబర్లకు ఫైజర్ టీకాను తిట్టండి, డబ్బిస్తాం అని మెయిళ్లు పంపితే వాళ్లు ఆ మెయిళ్లను బయట పెట్టేశారు.

రష్యా బుద్ధే అంత అనుకునేలోపు రెండోది కూడా చదవండి. కోవిడ్ కాలంలో ఫిలిప్పీన్స్‌లో చైనా టీకా మీద అనుమానాలు పుట్టించడానికి అమెరికా సైన్యమే నకిలీ అకౌంట్లతో, స్థానిక టాగలోగ్ భాషలో రహస్య ప్రచారం నడిపిందని 2024 జూన్‌లో రాయిటర్స్ రాసింది. అప్పట్లో ఆ దేశానికి ముందుగా అందిన టీకా చైనాదే. జనం చచ్చేది మనీలాలో, పంతం మాత్రం వాషింగ్టన్‌కూ బీజింగ్‌కూ మధ్య.

అందుకని ఒక టీకాను దేశం పేరు పెట్టి తిట్టే పోస్టు గానీ, పొగిడే పోస్టు గానీ వస్తే ఫొటోను రివర్స్ సెర్చ్ చేయండి (అంటే అదే ఫొటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో ఇంటర్నెట్‌లో వెతకండి), పెట్టిన అకౌంట్ ఎప్పుడు పుట్టిందో చూడండి, అదే వాక్యం అచ్చుగుద్దినట్టు ఇంకెన్ని చోట్ల ఉందో వెతకండి. పొగిడేవాటిని ఎవరూ వెతకరు, అవి కూడా వెతకండి.

కోపానికి కారణం ఉన్నప్పుడు

ఇంతవరకూ చదివి, దేశాన్ని చూసి అనుమానపడేవాళ్లంతా అమాయకులు అనుకోకండి. 1996లో నైజీరియాలోని కానోలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు జబ్బు) ప్రబలినప్పుడు ఫైజర్ కంపెనీ తన ట్రోవాన్ మందును పిల్లల మీద పరీక్షించింది. పిల్లలు చనిపోయారు, తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదన్న గొడవ ఏళ్ల తరబడి నడిచి, 2009లో కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ కానోలోనే 2003లో, పోలియో చుక్కల్లో అమెరికా వాళ్లు పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని పుకారు లేస్తే జనం నమ్మారు, ప్రభుత్వమే చుక్కలు ఆపేసింది. పుకారు అబద్ధం, భయానికి మూలం అబద్ధం కాదు. పోలియో అక్కడి నుంచి అంతకుముందు వదిలించుకున్న దేశాలకు కూడా పాకింది.

పాకిస్తాన్‌లో 2011లో బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ హెపటైటిస్ టీకాల పేరుతో ఒక దొంగ కార్యక్రమం నడిపింది. ఆ తర్వాత అక్కడ టీకాలు వేసేవాళ్లను గూఢచారులని అనుమానించడం మొదలైంది, పోలియో కార్యకర్తల మీద దాడులకు అదొక సాకైంది. ఇక మీదట టీకా కార్యక్రమాలను అలా వాడబోమని 2014లో అమెరికా ప్రభుత్వం మాటిచ్చింది. పిల్లాడికి చుక్కలు వేయించని తల్లికి ఆ మాట ఎవరు చెప్పాలి?

కానోలో ముడి విప్పిన తీరు గమనించండి. పుకారు నమ్మినవాళ్లను మూర్ఖులని తిడితే విప్పుకోలేదు. చుక్కల్ని పరీక్షలకు పంపారు, చివరికి ఇండోనేషియాలో తయారైన చుక్కలైతే వేయించుకుంటామని 2004లో ఒప్పుకున్నారు, ఎందుకంటే ఇండోనేషియా కూడా ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశం. ల్యాబ్ లెక్కల్లో పెద్ద తేడా ఏమీ లేదు, తెచ్చిచ్చిన చెయ్యి మారింది. దేశాన్ని బట్టి నమ్మడం తప్పని ఇంతసేపూ చెప్పి ఇప్పుడు ఇదేమిటంటారేమో. మీరు తూచేటప్పుడు దేశాన్ని తీసేయండి, ఎదుటివాళ్లకు చెప్పేటప్పుడు వాళ్లు ఎవరి మాట వింటారో చూసుకోండి, అంతే.

ఇంట్లో కూడా ఇదే పనిచేస్తుంది. బాబాయ్ ఏదో పంపిస్తే గ్రూప్‌లో అందరి ముందు ‘ఇది ఫేక్’ అని కొట్టేయకండి, ఆయన ఇంకో పది తెచ్చి పోస్తాడు. ఫోన్ చేయండి. ‘బాబాయ్, మీరు పంపినది చూశాను. ఆ కంపెనీ మీద మీ కోపంలో న్యాయం ఉంది. కానీ ఈ మందు పనిచేయదని ఇందులో ఎక్కడుంది, నాకు కనబడలేదు’ అనండి. సగం సార్లు ఆయనకూ కనబడదు. ఇంకా ఒప్పుకోకపోతే మీరు చెప్పడం మానేసి, ఊళ్లో ఆయన ఏళ్ల తరబడి చూపించుకునే డాక్టర్ చేత చెప్పించండి.

మన ఖమ్మంలో ఏం జరిగింది, మీరు ఏం అడగాలి

ఈ విడదీయడం ఎంత కష్టమో చూపించే కేసు మన ఊళ్లలోనే ఉంది. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. నడిపింది అమెరికాలోని సియాటిల్‌కు చెందిన పాత్ అనే స్వచ్ఛంద ఆరోగ్య సంస్థ, తోడుగా మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉన్నవాళ్లు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇంకో కంపెనీ టీకాతో ఇదే నడిచింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించేసింది, అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, అయిదుగురు మనవాళ్లే.

ఇక్కడి నుంచి కథ రెండు పాయలుగా చీలింది. ఒకటి, విదేశీ కంపెనీలు మన గిరిజన పిల్లలను ఎలుకల్లా వాడి చంపేశాయి, ఆ టీకా విషం. రెండోది, చావులకూ టీకాకూ సంబంధం లేదని తేలింది కాబట్టి గొడవ చేసినవాళ్లంతా సైన్స్ వ్యతిరేకులు. రెండూ సగం సగమే. ప్రభుత్వం వేసిన కమిటీ చావులను విడివిడిగా చూస్తే ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో పోయారు, మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలకపోయినా టీకాతో ముడి ఉండే అవకాశం చాలా తక్కువని చెప్పింది. ఆ కమిటీయే ఇంకోటీ చెప్పింది. ఖమ్మంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. టీకా తర్వాత పిల్లలకు ఏమైనా అయితే పట్టుకుని నమోదు చేసే ఏర్పాటు అంతంతమాత్రం. పేరుకు డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు, నిజానికి ట్రయల్‌కు ఉండాల్సిన రక్షణలేవీ లేవని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌నూ, మన ఐసీఎంఆర్‌నూ కలిపి కడిగేసింది. ఆ సంతకాలు పెట్టించుకున్నది సియాటిల్ నుంచి దిగినవాళ్లు కాదు, మన వ్యవస్థే, మన ఆఫీసర్లే.

టీకా పనిచేయడం ఒక ప్రశ్న. పిల్లల తల్లిదండ్రులను అడగడం ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు దారుణంగా ఉన్నంత మాత్రాన మొదటిదానికి జవాబు మారదు, మొదటిది బాగుందని రెండోదాన్ని క్షమించేయక్కర్లేదు. ఈ రెంటినీ కలిపేయడం వల్ల పోయిందెవరంటే, ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆ టీకా మాటెత్తితేనే ఖమ్మం గుర్తొచ్చి వెనకడుగు వేసిన కుటుంబాల్లోని ఆడపిల్లలు. ఇప్పుడు పుణెలో తయారైన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా ఉంది, 2023లో విడుదలైంది, స్వదేశీ కాబట్టి ఇక భయం లేదంటున్నారు. స్వదేశీ అయినా సమ్మతి పత్రం సమ్మతి పత్రమే.

కాబట్టి స్కూలు నుంచో హాస్టల్ నుంచో అలాంటి ఫారం ఇంటికొస్తే, ఎవరి టీకా అని కాదు, ఇవి చూడండి. తెలుగులో ఉందా? లేకపోతే తెలుగుది అడగండి, ఇచ్చేదాకా సంతకం వద్దు. మామూలు టీకా కార్యక్రమమా, లేక ‘అధ్యయనం’, ‘పరిశోధన’, ‘ప్రాజెక్టు’ లాంటి మాట ఎక్కడైనా ఉందా? ఉంటే సీటీఆర్ఐ నంబర్ ఏమిటో, ఎథిక్స్ కమిటీ ఏదో, పాపకు ఏమైనా అయితే వైద్యం ఖర్చు ఎవరిదో రాసి ఉండాలి, ట్రయల్‌లో కలిగిన హానికి ఉచిత వైద్యం, పరిహారం 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోనే ఉన్నాయి. పరిశోధనే అయితే ఏడేళ్లు దాటిన పాపను కూడా విడిగా అడగాలి, ఆమె వద్దంటే వద్దే. మధ్యలో మానుకోవచ్చని రాశారా? సంతకం మీదే ఉండాలి, వార్డెన్‌ది కాదు, హెడ్‌మాస్టర్‌ది కాదు. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టే చోటు ఎక్కడ, రాత్రి జ్వరం వస్తే చేయాల్సిన ఫోన్ నంబర్ ఏది, అని అడిగి ఫారం వెనక రాయించుకోండి, ఒక ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.